కొత్త ఇంటికి ఒక ఏడాది గడువు

కూడు, గుడ్డ, గూడు మానవుని ప్రాథమికావసరాలని మనం చిన్ననాటి పాఠాల నుండి చదువుతూనే ఉన్నాం. వీటిలో మొదటి రెండూ ఏ రోజుకు ఆ రోజు, ఏ యేటికి ఆ యేడు సమకూర్చుకోదగినవి. మూడవదైన గూడు మాత్రం సామాన్య కుటుంబానికి జీవితకాలంలో ఒక్కసారి సమకూరే సంపద. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని పెద్దలు ఊరకే అనలేదు. ఆ రెండు కార్యాలలోనూ మనిషి ఓర్పు, పొదుపు, వివేకం ఒక్కసారిగా పరీక్షకు నిలుస్తాయి. అయితే ఆ సామెత ఇల్లు కట్టడంతోనే ఆగిపోయింది. కట్టిన ఇంటిలో కుదురుకోవడం, దానిని అలంకరించుకోవడం అనే మరొక పరీక్ష దాని వెనుకనే వస్తుంది. ఆ పరీక్షలో చాలా కుటుంబాలు తొందరపాటు వల్ల నష్టపోతున్నాయని మా అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసోద్దేశం.

మేము చెప్పదలచినది ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: కొత్త ఇంటికి ఒక ఏడాది గడువు ఇవ్వాలి. గృహప్రవేశం నాటికే అలంకరణ అంతా పూర్తి కావాలనే పట్టుదల విడిచిపెట్టాలి. ఆ ఇంటిలో ఒక ఎండకాలం, ఒక వానకాలం, ఒక చలికాలం నివసించిన పిమ్మటనే దానికి శాశ్వతమైన అలంకారాలు చేయాలి. ఇది సౌందర్యాన్ని కాదనే వాదం కాదు. అందమైన ఇంటిలో నివసించాలనే కోరిక ధనవంతునికి ఎంత సహజమో, కూలివానికీ అంతే సహజం. ఆ కోరిక నెరవేరవలసిన కాలమేది, నెరవేర్చవలసిన తీరేది అన్నదే ఇక్కడి ప్రశ్న.

నేటి వాడుకను ఒకసారి పరికించి చూద్దాం. స్లాబు పడి, గోడలు లేచి, పూతపని తడి ఆరకముందే మంచిరోజు నిశ్చయమవుతుంది. ఒకరి ఇంట పాలు పొంగించి వ్రతం చేస్తారు. మరొకరి ఇంట ఖురాన్ పఠనం జరిపించి, దువా చేసి, విందు పెడతారు. ఆచారాలు వేరైనా ఆ రోజు వచ్చే బంధుమిత్రుల చూపులు మాత్రం ఒక్కటే. "హాలు ఎన్ని అడుగులు? సీలింగు చేయించలేదా? టీవీ గోడకు ఏమీ పెట్టలేదేం?" అని వారు అడుగుతారు. నేటి గృహాలంకరణలో అధిక భాగం ఈ ప్రశ్నలకు జవాబుగా పుట్టినదే. జిప్సం పలకల ఫాల్స్ సీలింగు, అందులో రంగురంగుల దీపాలు, గోడ నిండా అద్దాల షోకేసు, కాలు జారేంత నునుపైన టైల్సు ఒక్క నెలలో అమరిపోతాయి. అతిథులు భోంచేసి, మెచ్చుకొని, వెళ్లిపోతారు. ఇంటివారు మిగులుతారు. అప్పు మిగులుతుంది.

ఆ అప్పు లెక్క కొంత వివరంగా చూడడం అవసరం. ఇల్లు కట్టడానికి తీసుకున్న బ్యాంకు రుణం సాధారణంగా గోడలతో, కప్పుతోనే అయిపోతుంది. చివరి అలంకరణకు చాలామంది బయటి అప్పునే ఆశ్రయిస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చారనుకుందాం. నెలకు 4,000 రూపాయలు, ఏడాదికి 48,000 రూపాయలు వడ్డీ కిందనే పోతాయి. అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. సరిగ్గా ఆ సంవత్సరమే ఇంటిలోని పిల్ల ఇంటర్మీడియట్ ముగించి డిగ్రీలో చేరవలసి ఉంటుంది. చేతిలో డబ్బు ఆడని ఇంటిలో "ఈ యేటికి ఆగుదాం" అనే మాట ఎవరికో ఒకరికి చెప్పక తప్పదు. సీలింగుకు చెప్పవలసిన ఆ మాటను కూతురికి చెబుతున్నాం. అప్పు చేసి పప్పు కూడు తిన్నవాడు కనీసం కడుపు నింపుకున్నాడు. అప్పు చేసి గోడ నింపుకున్నవానికి ఆ తృప్తి కూడా లేదు.

డబ్బు మాట అటుంచి, ఇంటి స్వభావాన్ని బట్టి చూసినా ఈ తొందర తగదు. కొత్త ఇల్లు చూపుకు పూర్తయినట్లుండవచ్చు గాని, లోపల అది ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది. సిమెంటు నీటితో గట్టిపడే పదార్థం. సాధారణ సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఇతర పదార్థాలు కలిసిన సిమెంటుతో వేసినదానిని కనీసం 10 రోజులు తడుపుతూ ఉండాలని మన దేశపు ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. అలా తాగిన నీరంతా గోడలలోనుండి ఒక్క వారంలో వెళ్లిపోదు. తడి గోడ మీద పుట్టీ పూసి, దాని మీద నీరు ఊరనీయని రంగు వేస్తే, లోపలి తడి బయటికి వచ్చే దారి కోసం వెదుకుతుంది. కొంతకాలానికి ఉప్పు పొడిలా తెల్లని పూత పైకి లేస్తుంది, రంగు పొక్కులు పొక్కులుగా ఊడుతుంది. అప్పుడు యజమాని రంగుల దుకాణాన్ని నిందిస్తాడు. గోడకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకపోవడమే అసలు కారణమని గ్రహించడు.

నేల సంగతి మరింత ముఖ్యమైనది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో నల్లరేగడి భూములు విస్తారంగా ఉన్నాయి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పునాది ఎంత జాగ్రత్తగా వేసినా, అటువంటి నేల మీద లేచిన ఇంటి గోడలు ఒక వానను, ఒక ఎండను చూసిన తరువాతనే తమ గుణాన్ని బయటపెడతాయి. సన్నని పగుళ్లు ఎక్కడ వస్తాయో, కిటికీ చట్రం ఏ మూల బిగుస్తుందో, వానకు ఉబ్బి ఏ తలుపు పట్టేస్తుందో, డాబా మీద నీరు ఎక్కడ నిలుస్తుందో మొదటి సంవత్సరం చెబుతుంది. ఆ సమాచారం మనకు అందకముందే గోడను చెక్కపలకలతో, కప్పును జిప్సంతో మూసివేస్తే, చెమ్మ ఎక్కడ పుట్టిందో తెలుసుకునే దారి మనమే మూసుకున్నట్లవుతుంది. పైన పటారం, లోన లొటారం అనే మాట మనుషులకే కాదు, ఇటువంటి ఇళ్లకు కూడా చక్కగా వర్తిస్తుంది.

ఇక ఎండ. సూర్యుడు తూర్పున ఉదయించి పడమట అస్తమిస్తాడని తెలియనివారు లేరు. కాని అతడు ఏడాది పొడవునా ఒకే దారిన నడవడు. హైదరాబాదులో మే 9వ తేదీ ప్రాంతంలోనూ, ఆగస్టు 3వ తేదీ ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడ కనిపించదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్న సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. మిగతా కాలమంతా దక్షిణంగా ఉంటాడు. కనుక డిసెంబరులో దక్షిణపు కిటికీ నుండి లోపలికి చాచుకొనే ఎండ మే నెలలో ఆ గడప దాటదు. ఉత్తరపు కిటికీకి ఎండే రాదనుకున్నవారికి జూన్ ఉదయాలు వేరుగా చెబుతాయి. పడమటి గోడ వేసవి సాయంకాలాలలో ఎంత సెగ కక్కుతుందో ఆ గదిలో పడుకున్నవారికే తెలుస్తుంది. జనవరిలో గృహప్రవేశం చేసి, ఆ నాటి వెలుతురును బట్టి పరదాలు, రంగులు, మంచాల స్థానాలు శాశ్వతంగా నిర్ణయించుకున్న కుటుంబానికి మే నెల వచ్చేసరికి ఆ ఇల్లు పరాయిదిగా తోచడంలో ఆశ్చర్యమేముంది?

ఇంతవరకు ఇంటి సంగతి చెప్పాం. ఇంటిలోనివారి సంగతి అంతకన్నా గంభీరమైనది. ఒక కుటుంబం కొత్త ఇంటిలో ఎలా నివసిస్తుందో ముందుగా ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. నాయనమ్మ తనకు కేటాయించిన గదిలో కూర్చోక, వీధి కనిపించే కిటికీ పక్కన చాప వేసుకుంటుంది. తాత గారు నమాజుకు మెట్ల కింది ప్రశాంతమైన మూలను ఎన్నుకుంటారు. చిన్నపిల్లవాడు వంటగది గడప మీద కూర్చొని ఎక్కాలు చదువుతాడు. మనుషులు తమకు తెలియకుండానే ఇంటిలో తమ చోట్లు వెదుక్కుంటారు. ఆ చోట్లు తెలిసిన తరువాత, ఆ కిటికీ పక్కన ఒక తిన్నె, ఆ మూలకు ఒక దీపం, ఆ పిల్లవానికి ఒక బల్ల సమకూర్చడమే నిజమైన అలంకరణ. ముందుగానే అద్దాల షోకేసు ఆ గోడను ఆక్రమిస్తే మనుషులు దాని చుట్టూ తిరుగుతూ బతకవలసి వస్తుంది.

విద్యార్థులుగా ఈ విషయంలో మనకు ప్రత్యేకమైన ఫిర్యాదు ఒకటి ఉంది. మన ఇళ్లలో అతిథుల కోసం ముందుగది ఉంది, సామాను కోసం అటక ఉంది, చెప్పుల కోసం కూడా గూడు ఉంది. చదువు కోసం చోటు లేదు. మంచం మీద ఒరిగి, టీవీ చప్పుడు నడుమ, పైదీపం వెలుగుకు తమ నీడే పుస్తకం మీద పడుతుండగా చదివే విద్యార్థులు ఎందరో ఉన్నారు. సీలింగులో పన్నెండు దీపాలు పెట్టించిన ఇంటిలోనే చదివే బల్ల మీదికి సరైన దీపం ఒక్కటి ఉండదు. కిటికీ నుండి ఎడమ వైపుగా వెలుతురు పడే నాలుగడుగుల స్థలం, ఒక బల్ల, ఒక కుర్చీ, రెండు అరలు ఉంటే చాలు. ఇంతకన్నా చౌకైన, ఇంతకన్నా ఫలవంతమైన గృహాలంకరణ మరొకటి లేదని మేము నమ్ముతున్నాం.

ఇల్లు చిన్నదైన కొద్దీ ఈ వాదానికి బలం పెరుగుతుంది. తెలంగాణలో 2015లో ఆరంభమైన రెండు పడక గదుల ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటి వైశాల్యం 560 చదరపు అడుగులు. 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో కనీస వైశాల్యం 400 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పేదలకు పట్టణాలలో పంచిన ఇంటి స్థలం ఒక సెంటు, అనగా 48.4 చదరపు గజాలు. ఇటువంటి ఇంటిలో ప్రతి చదరపు అడుగుకూ విలువ ఉంది. షోకేసు ఆక్రమించే పది చదరపు అడుగులు ఒక విద్యార్థి చదువుకొనే చోటుతో సమానం. నివాసపు గది ఎత్తు కనీసం 2.75 మీటర్లుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతున్నది. ఎండలు మండే మన నేలలో ఆ ఎత్తు విలాసం కాదు, అవసరం. ఆ కొద్దిపాటి ఎత్తును కూడా జిప్సం పలకలకు అర్పించి, ఫంకాను మన నెత్తి మీదికి దించుకోవడం ఏ సౌందర్యశాస్త్రమో మాకు బోధపడదు.

మన పెద్దల పద్ధతి వేరుగా ఉండేది. సంక్రాంతికి, దసరాకు ముందు ఒక ఇంటివారు వెల్ల వేసేవారు. రంజాను నెలకు ముందు పక్క ఇంటివారు వేసేవారు. సున్నం ఒకటే, కుంచె ఒకటే. చాలా చోట్ల వేసే మనిషి కూడా ఒక్కడే. గడపకు పసుపు, వాకిట ముగ్గు, అరుగుకు జాజు ప్రతి పండుగకూ కొత్తగా వచ్చేవి. ఆ అలంకరణ ఏటేటా మారేది. ఒక యేడు నచ్చనిది మరుసటి యేడు మార్చుకోవచ్చు. దానికి అప్పు అక్కరలేదు, ఇంటిల్లిపాది చేయి వేస్తే చాలు. పైగా సున్నపు పూత గోడను ఊపిరి తీసుకోనిచ్చేది, డాబా మీద పూసిన సున్నం ఎండను తిప్పికొట్టేది. ఆ చివరి సంగతికి నేడు ప్రభుత్వ గుర్తింపు కూడా లభించింది. ఎండను తిప్పికొట్టే కప్పులను ప్రోత్సహించడానికి తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఐదేళ్ల 'కూల్ రూఫ్' విధానాన్ని ప్రకటించింది. పెద్దల అలంకరణ చేతితో మారేది. నేటి అలంకరణ గోడకు మేకులతో బిగించబడింది. ఈ భేదాన్ని మనం గుర్తించాలి.

ఇల్లు క్రమక్రమంగా ఎదగాలన్న ఆలోచన పాతకాలపు మోజు మాత్రమే కాదు. మన కాలపు గొప్ప వాస్తుశిల్పులలో ఒకరైన బాలకృష్ణ దోషీ 1980వ దశకంలో ఇండోర్ నగర శివారున అరణ్య అనే నివాస ప్రణాళికను రూపొందించారు. అక్కడి పేద కుటుంబాలకు పూర్తయిన ఇల్లు ఇవ్వలేదు. అరుగు, నీటి వసతి గల మరుగుదొడ్డి, కొందరికి ఒక గది మాత్రమే సమకూర్చారు. మిగిలిన ఇంటిని తమ సంపాదన, తమ అవసరం, తమ అభిరుచిని బట్టి నివాసులే సంవత్సరాల తరబడి పెంచుకున్నారు. ఒకరు వీధి వైపు అంగడి గది కట్టారు, మరొకరు మెట్లు బయటికి పెట్టి పైన గది వేశారు. ఈ ప్రణాళికకు 1995లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది. 2018లో దోషీ గారికి ప్రపంచ ప్రసిద్ధమైన ప్రిట్జ్‌కర్ బహుమతి లభించింది. ఇంటిని నివాసి పూర్తి చేయాలి గాని, గృహప్రవేశపు తేదీ పూర్తి చేయకూడదన్న మా మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

మా వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు. వాటిని దాటవేయడం న్యాయం కాదు. మొదటిది, రెండవసారి పని పెట్టుకుంటే ఖర్చు పెరుగుతుందని, నివసిస్తున్న ఇంటిలో దుమ్ము, చప్పుడు భరించలేమని. ఇందులో నిజం ఉంది. అందుకే మేము ఒక నియమాన్ని సూచిస్తున్నాం: గోడ లోపలిది ముందు, గోడ మీదిది తరువాత. విద్యుత్తు తీగలకు గొట్టాలు, నీటి పైపులు, స్విచ్చి బోర్డులకు పెట్టెలు, గోడలో గూళ్లు, ఫంకాలకు, ఉయ్యాలకు కొక్కేలు పూతపనికి ముందే అమర్చాలి. వీటిలో పిసినారితనం కూడదు. చదువుకొనే మూలలు రెండు మూడు ఊహించి, అన్ని చోట్లా దీపానికి వీలు ఉంచుకోవడం మంచిది. గోడ మీద తగిలించేవి, అంటించేవి, బిగించేవి మాత్రం ఆగవచ్చు. వాటి కోసం గోడ పగలగొట్టనక్కరలేదు.

రెండవ అభ్యంతరం, ఆగిన పని ఎన్నటికీ జరగదని. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అనే సామెతను దీనికి తోడు తెచ్చేవారున్నారు. ఆ సామెత చక్కబెట్టుకోమన్నది గాని, అప్పుతో అలంకరించుకోమనలేదు. నెలకు 4,000 రూపాయలు వడ్డీ కట్టగల కుటుంబం, అప్పు చేయకుండా అదే మొత్తాన్ని ఏడాది పాటు నిలవ చేస్తే 48,000 రూపాయలు చేతిలో ఉంటాయి. ఆ డబ్బుతో, ఇంటి గుణం తెలిసిన పిమ్మట చేసే పని నికరంగా నిలుస్తుంది. ఆనాటికి కూడా కొన్ని పనులు మిగిలిపోతే అవి నిజానికి అవసరం లేని పనులని తేలినట్లే.

మూడవది, బయటికి తక్కువమంది చెప్పినా లోలోపల అందరినీ ఏలేది: నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ. ఇది ఒక కులానికి, ఒక మతానికి పరిమితమైన జబ్బు కాదు. ముస్లిం పెద్దలు దుబారాను ఇస్రాఫ్ అని పేరు పెట్టి నిందిస్తారు. హిందూ పెద్దలు ఆడంబరమని నిందిస్తారు. ఇరువురూ నిందిస్తూనే తమ ఇంటి శుభకార్యం నాడు దానికి లోబడుతున్నారు. దీనికి మందు ఒక్కరి చేతిలో లేదు. ఒక వీధిలో పదిమంది గౌరవనీయులు వెల్లగోడల నడుమ గృహప్రవేశం జరుపుకొని, "మా ఇల్లు ఇంకా కుదురుకుంటున్నది" అని సగర్వంగా చెప్పగలిగితే, పదకొండవ ఇంటివానికి అప్పు చేయవలసిన అవసరం తప్పుతుంది.

ఆగకూడని పనులు కొన్ని ఉన్నాయి. వాటిని కూడా స్పష్టంగా చెప్పాలి. మెట్లకు, డాబాకు పిట్టగోడ లేదా కమ్ములు, విద్యుత్తుకు సరైన ఎర్తింగు, నీటి తొట్టికి మూత, కిటికీలకు దోమల వల, వంటగదిలో పొగ పోయే దారి, స్నానపు గదిలో కాలు జారని బండలు మొదటి రోజుకే సిద్ధంగా ఉండాలి. వంటగట్టు ఎత్తు విషయంలో మేస్త్రీ అలవాటును గాక, అక్కడ నిలబడి వంట చేసే వ్యక్తి ఎత్తును పరిగణించాలి. ఇంటిలో అందరికన్నా ఎక్కువ గంటలు పనిచేసే తల్లిని ఒక్క మాటైనా అడగకుండా వంటగట్టు కట్టి, అతిథుల కోసం హాలును ముస్తాబు చేసే ఇల్లు ఎంత మెరిసినా అది న్యాయమైన ఇల్లు కాదు. మరొక మాట. కొత్త రంగులు, ప్లైవుడ్డు జిగురు కొంతకాలం గాలిలోకి ఘాటైన ఆవిరులు వదులుతాయి. అన్నీ ఒకేసారి చేయించి, తలుపులు బిగించి, పసిపిల్లలను అందులో పడుకోబెట్టడం ఆరోగ్యరీత్యా కూడా మంచిది కాదు.

ఏడాది నిండిన పిమ్మట ఏమి చేయాలి? అప్పుడు ఆనందంగా అలంకరించుకోవాలి. అయితే గోడకు అంటుకుపోయే వాటికన్నా చేతికి అందే వాటిని ఎన్నుకోవాలని మా సూచన. మన చుట్టూ అటువంటి వస్తువులకు కొరత లేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ప్రదర్శించబడ్డాయి. ఆ నగరపు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేటికీ కొత్తవాడలో వాటిని నేస్తున్నారు. మచిలీపట్నం పక్కన పెడనలో అచ్చుల కలంకారీ బట్ట దొరుకుతుంది. ఆ కళ పేరులోని కలం, కారీ రెండూ ఫారసీ ద్వారా మనకు వచ్చిన మాటలే. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క పూసి బొమ్మలు చేస్తున్నారు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ముస్లిం కుటుంబాల స్త్రీలు చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కుతున్నారు. బీదరు కోట మట్టితో నల్లబరచి, వెండి తీగ పొదిగే బిద్రీ పనివారు హైదరాబాదులోనూ ఉన్నారు. ఏటికి ఒక్క వస్తువు కొన్నా పదేళ్లకు ఇల్లు నిండుతుంది. ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. కూతురి పెళ్లికి ఇవ్వవచ్చు. పైగా ఆ డబ్బు మన చేతివృత్తులవారి ఇంటి పొయ్యి వెలిగిస్తుంది.

ఉర్దూ, తెలుగు పక్కపక్కన చదువుకొనే ఈ కళాశాలలో ఒక విషయం గుర్తు చేయడం అప్రస్తుతం కాదు. మన ఇంటి మాటలే మనం కలిసి కాపురమున్న సంగతిని చెబుతాయి. కుర్చీ అరబ్బీ నుండి, పరదా, దర్వాజా ఫారసీ నుండి వచ్చాయి. ఇంటిని కట్టే మేస్త్రీ పేరు పోర్చుగీసువారి నుండి వచ్చింది. ఇల్లు, గోడ, గడప అచ్చ తెలుగు. ఏ ఇంటిలోనైనా ఈ మాటలన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఆ కప్పు కిందనే ఒక అరలో తెలుగు పుస్తకాలు, మరొక అరలో ఉర్దూ పుస్తకాలు ఉంటే, ఏ చిత్రపటం కన్నా అది గొప్ప అలంకారం కాగలదు.

విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఇది. ఇంటి నిర్ణయాలు పెద్దలవి, మనకేమి అని ఊరకుండరాదు. కొత్త ఇంటిలో అడుగుపెట్టిన నాడే ఒక నోటుపుస్తకం గోడకు వేలాడదీయండి. ఏ నెలలో ఏ కిటికీ నుండి ఎండ ఎంతవరకు వచ్చిందో, ఏ మూల చెమ్మ కనిపించిందో, ఏ గది రాత్రి వేళ ఉడికిపోయిందో, ఎవరు ఎక్కడ కూర్చోవడానికి ఇష్టపడ్డారో రాసిపెట్టండి. భౌతికశాస్త్రంలోనూ భూగోళంలోనూ చదివిన చదువుకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు. ఏడాది చివర ఆ పుస్తకాన్ని తండ్రి గారి ముందు, తల్లి గారి ముందు ఉంచండి. వారు దానిని తప్పక చదువుతారు. ఎందుకంటే అది వారి ఇంటి చరిత్ర.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం ఉంది. విద్యాలయం కూడా ఒక ఇల్లే. ఇక ముందు ఏ కొత్త గది కట్టినా, ప్రారంభోత్సవపు ఫోటో కోసం కాక, ఒక విద్యాసంవత్సరం అందులో పాఠాలు జరిగిన పిమ్మట బల్లల వరుసను, బోర్డు స్థానాన్ని, పరదాలను శాశ్వతంగా నిర్ణయించాలని కోరుతున్నాం. ఏ బెంచీ మీద కూర్చుంటే బోర్డు మెరుస్తుందో, ఏ కిటికీ వానకు తడుస్తుందో అక్కడ కూర్చొనే విద్యార్థికి తెలుస్తుంది. అతనిని, ఆమెను అడగండి. ఆదా అయిన డబ్బును గ్రంథాలయంలో మరికొన్ని దీపాలకు వెచ్చించండి.

ఇల్లు ఒక్క రోజు ప్రదర్శన కోసం కట్టుకున్నది కాదు. మన తరువాత మన పిల్లలు, వారి పిల్లలు అందులో పుట్టి పెరగవలసి ఉంది. అంతటి దీర్ఘాయువు గల దానికి ఒక్క ఏడాది గడువు ఇవ్వడం పెద్ద త్యాగమేమీ కాదు. ఆ ఏడాది గోడలు తెల్లగా, బోసిగా ఉండవచ్చు. ఆ బోసి గోడల నడుమ చదువు మాత్రం ఆగకూడదు.